ట్రక్కును కళ్ళంలో వదిలేయకు

చిరంజీవి శ్రీనుకి,

బాబాయి దీవెనలు. మాసూళ్లు అయిపోయాయనీ, ట్రాక్టరు ఇంటికి తెచ్చి, దాని వెనక తగిలించే ట్రక్కును మాత్రం కళ్ళంలోనే వదిలేశావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మళ్లీ దాళ్వా కోతల దాకా దానితో పెద్దగా పనుండదు, నిజమే. దొంగకు కావలసిందీ అదే.

ట్రాక్టరుకైతే తాళంచెవి ఉంటుంది. ట్రక్కుకు ఏముంది? ఎవడైనా తన ట్రాక్టరు వెనక్కి పెట్టి, ట్రక్కు ముందు కొసన తగిలించే రింగులో పిన్ను దించితే చాలు, రోడ్డెక్కేస్తుంది. పట్టపగలు లాక్కెళ్లినా చూసినవాళ్లు కిరాయికి పోతోందనుకుంటారు.

ముందు ట్రక్కును ఇంటి దొడ్లోకి తెచ్చి, రింగు గోడవైపు ఉండేలా పెట్టు. ట్రాక్టరు అక్కడికి వెళ్లే సందే ఉండకూడదు. ఆ తర్వాత రింగును మూసేయాలి. రింగులో బిగువుగా పట్టేంత లావు కడ్డీ ముక్క తీసుకుని, ఒక చివర వెడల్పాటి బిళ్ల వెల్డింగ్ చేయించు, రెండో చివర తాళంకప్పకు బెజ్జం వేయించు. అది రింగులో ఉన్నంతసేపూ వేరే పిన్ను దూరదు.

తాడు కట్టి లాక్కుపోయే ఘనులూ ఉంటారు. అందుకే చక్రాలు కూడా విప్పేయమంటాను. ట్రక్కు ఖాళీగా ఉన్నప్పుడే జాకీ ఎత్తి, ఇరుసు కింద గట్టి దుంగలు పెట్టు. ఇటుకలు పెట్టకు, బరువుకు పగిలిపోతాయి. చక్రాలు ఇంట్లో నీడన పెడితే టైర్లు ఎండకు పగలవు. అసలు చాలాసార్లు ముందు పోయేవి టైర్లే. విప్పడం బద్ధకమైతే చక్రానికీ ఛాసిస్‌కీ కలిపి గొలుసు వేయి, కానీ బిగించి వేయి. నేలమీద జారవిడిచిన గొలుసును కింద ఆనించి సుత్తితో కొట్టి తెంపడం తేలిక.

పక్క రేకుల మీద నీ పేరు పెద్దక్షరాలతో రాయించావు కదా, అది చూసుకోవడానికే. ఒక డబ్బా రంగుతో పోతుంది. ఛాసిస్ అడుగున రెండుమూడు చోట్ల నీ గుర్తు వెల్డింగ్‌తో వేయించి, ఆ గుర్తులకూ ఛాసిస్ నంబరుకూ ఫోటోలు తీసి ఉంచు. ఆర్సీ ట్రక్కులో ఉంచకు.

పాలసీ కాగితం ఒకసారి తీసి చూడు. అందులో ట్రక్కు వివరాలు విడిగా రాసి ఉండాలి. ఉత్త థర్డ్ పార్టీ అయితే దొంగతనానికి పైసా రాదు. ఒకవేళ పోతే, నలుగురినీ అడుగుతూ రోజులు గడపకుండా వెంటనే స్టేషన్‌లో ఫిర్యాదిచ్చి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పు.

జీపీఎస్ పెట్టిస్తానన్నావట. ట్రక్కుకు బ్యాటరీ ఉండదు కాబట్టి సొంత బ్యాటరీ ఉన్నది కొనాలి, దాన్ని గుర్తుపెట్టుకుని ఛార్జింగ్ పెట్టాలి, సిమ్ రీఛార్జ్ చేయాలి. నీ సంగతి నాకు తెలుసు. ముందు వెల్డింగ్ పని చేయించు. షాపుకు వెళ్లేటప్పుడు రింగు లోపలి కొలత తీసుకెళ్లడం మరిచిపోకు.

ఇట్లు,
మీ బాబాయి