మీ ప్రశ్నలకు జవాబులు: మైకు వదిలి కౌంటరు దగ్గరికి

గత సంచికలో అమెరికా హాస్య ధారావాహిక 'ద డ్రూ కేరీ షో' గురించి క్లుప్తంగా రాసిన తరువాత బరంపురం, రాయగడ, జయపురం, పర్లాకిమిడి ప్రాంతాల పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. స్టాండప్ కమెడియన్ ముఖ్యపాత్రగా, ఆఫీసులోనో దుకాణంలోనో జరిగే కథలను గురించిన ప్రశ్నలే వాటిలో ఎక్కువగా ఉన్నందువల్ల, ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మీరు రాసింది చదివి మా అబ్బాయి చేత ఆ ధారావాహిక కొంత పెట్టించుకుని చూశాను. స్టాండప్ కమెడియన్ అంటే ఒక్కడే నిలబడి నవ్వించేవాడు కదా, అటువంటివాణ్ణి ఆఫీసులో నలుగురి మధ్య కూర్చోబెట్టడం ఎందుకు? ఇంటి కథ రాసుకుంటే సరిపోదా?
— కాగితం మిల్లు ఉద్యోగి, రాయగడ

జవాబు: ఇంటి కథతో నెగ్గిన స్టాండప్ కమెడియన్లు లేకపోలేదు. 1988లో మొదలైన 'రోజాన్', 1991లో మొదలైన 'హోమ్ ఇంప్రూవ్‌మెంట్' అటువంటివే. కానీ ఇంట్లో ఎంత పెద్ద తగవు వచ్చినా భోజనాల వేళకు ఎవరో ఒకరు తగ్గక తప్పదు. చూసేవారు కూడా ఆ రాజీనే కోరుకుంటారు. ఆఫీసులో ఆ బంధం లేదు. ఒకరినొకరు ఎంచుకోని మనుషులు, ఒకరంటే ఒకరికి గిట్టకపోయినా, నెల జీతం కోసం సాయంత్రం దాకా పక్కపక్క బల్లల దగ్గర కూర్చోవలసి వస్తుంది. మీ మిల్లులో షిఫ్టు మారే వేళ ఇద్దరు మనుషులు మాట్లాడుకునే తీరు చూస్తే, రాజీ అవసరం లేని తగవు ఎన్నేళ్లయినా సాగుతుందని నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

ఇక కమెడియన్ సంగతి. వేదిక మీద అతనికి ఎదురు చెప్పేవారు ఉండరు. తన మేనేజరును గురించి అతను ఏమి చెబితే అదే నిజం, ఎందుకంటే ఆ మేనేజరు అక్కడికి వచ్చి తన వాదన వినిపించుకోలేడు. ధారావాహికలో ఆ మేనేజరు రక్తమాంసాలున్న మనిషిగా గదిలోకి వస్తాడు, అతనికీ ఒక న్యాయం ఉంటుంది, కమెడియన్ మాటకు మాట తగులుతుంది. ఈ అవకాశం కోసమే ఆఫీసు కావాలి.

డ్రూ కేరీ విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో 1958లో పుట్టారు. అమెరికా సాయుధ దళాలలో ఒకటైన మెరైన్ కోర్ రిజర్వు దళంలో పనిచేశారు. పొట్టి క్రాపు, మందపాటి నల్ల ఫ్రేము కళ్లజోడు, కొంచెం బొద్దుగా ఉండే శరీరం, జీవితంలో అన్నిటా కొద్దిలో వెనకబడిపోయే సగటు మనిషి మాటతీరు, ఇవన్నీ టీవీకి రాకముందే క్లబ్బుల వేదికల మీద రూపు దిద్దుకున్నాయి. 1991లో జానీ కార్సన్ నడిపిన పేరుపొందిన రాత్రివేళ ముచ్చట్ల కార్యక్రమంలో తొలిసారి ప్రదర్శన ఇచ్చినప్పుడు, కార్సన్ ఆయనను పిలిచి తన పక్క సోఫాలో కూర్చోబెట్టుకోవడం అమెరికాలో ఏ కమెడియన్‌కైనా పట్టాభిషేకం వంటిది. తరువాత రచయిత బ్రూస్ హెల్ఫర్డ్‌తో కలిసి ఆయన రూపొందించిన ధారావాహిక 1995 సెప్టెంబరు 13న అమెరికా టీవీ చానల్ ఏబీసీలో మొదలై, తొమ్మిది సీజన్లలో 233 భాగాలుగా 2004 సెప్టెంబరు 8 దాకా వచ్చింది. కథాస్థలం న్యూయార్క్ కాదు, లాస్ ఏంజెలెస్ కాదు, ఆయన సొంత ఊరు క్లీవ్‌లాండ్. విన్‌ఫ్రెడ్-లౌడర్ అనే కల్పిత డిపార్ట్‌మెంట్ స్టోరులో సిబ్బంది విభాగం సహాయ అధికారి ఆయన పాత్ర.

ఆ ఉద్యోగాన్ని ఎంచుకోవడంలోనే సగం పని పూర్తయిందని నా అభిప్రాయం. కిందివారి దృష్టిలో అతను ఉద్యోగాలు ఇచ్చేవాడు, తీసేసేవాడు; పైవారి దృష్టిలో ఒక చిన్న గుమాస్తా. మొదటి భాగంలోనే మిమీ బోబెక్ అనే స్త్రీ సౌందర్య సాధనాల కౌంటరులో ఉద్యోగానికి వస్తుంది. కనురెప్పల మీద దట్టంగా నీలిరంగు, ఒంటి మీద కళ్లు చెదిరే దుస్తులు. ఆమె అలంకరణ మితిమీరిందని డ్రూ ఉద్యోగం ఇవ్వడు. తీరా చూస్తే ఆమె పై అధికారికి సహాయకురాలిగా అదే ఆఫీసులో చేరుతుంది. కేథీ కిన్నీ పోషించిన ఆ పాత్రకూ డ్రూకూ మధ్య అక్కడ మొదలైన వైరం ధారావాహిక పొడుగునా నడిచింది. మొదటి సీజన్‌లో చాలావరకు ఆ పై అధికారి మనిషిగా కనిపించకుండా స్పీకరు ఫోనులో గొంతుగా మాత్రమే వినిపించడం కూడా చక్కని ఊహ. పెద్ద సంస్థలో చిన్న ఉద్యోగికి యాజమాన్యం అనుభవంలోకి వచ్చేది చాలావరకు ఆ రూపంలోనే.

ప్రశ్న: ఇటువంటి వాటిలో వెనక వినిపించే నవ్వులు నిజమైనవేనా, రికార్డు చేసి అతికించినవా?
— గృహిణి, జయపురం

జవాబు: రెండూ ఉంటాయమ్మా. 1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ' నుంచి, ప్రేక్షకులను ఎదుట కూర్చోబెట్టి ఒకేసారి మూడు నాలుగు కెమెరాలతో చిత్రీకరించే పద్ధతి బాగా స్థిరపడింది. డ్రూ కేరీది ఆ కోవకు చెందినదే. ఎడిటింగులో నవ్వులను పెంచడం, తగ్గించడం, చేర్చడం కూడా మామూలే. 2001లో బీబీసీలో వచ్చిన 'ది ఆఫీస్' ఆ పద్ధతిని వదిలి, డాక్యుమెంటరీ తీసినట్టుగా, నవ్వులేవీ లేకుండా సాగింది. స్టాండప్ నుంచి వచ్చిన నటుడికి మాత్రం ఎదుట ప్రేక్షకులు ఉండడం కొండంత బలం, ఎందుకంటే నవ్వు ఎంతసేపు నిలుస్తుందో విని, దాన్ని బట్టి తరువాతి మాటను ఆపి పట్టుకోవడం అతనికి అలవాటైన విద్య.

ప్రశ్న: నేను కళాశాల ఉత్సవాలలో తెలుగు, ఒడియా కలిపి స్టాండప్ చేస్తుంటాను. పట్టుచీరల దుకాణంలో సేల్స్‌గర్ల్‌గా పనిచేసిన అనుభవాలను పది నిమిషాలు చెబితే హాలంతా నవ్వుతుంది. ఆ మాటలనే తీసుకుని, నేనే ముఖ్యపాత్రగా, మిత్రులతో కలిసి యూట్యూబ్ కోసం ఒక భాగం తీశాము. చూసినవారెవరూ నవ్వలేదు. లోపం ఎక్కడ ఉంది?
— విద్యార్థిని, బరంపురం

జవాబు: మీరు పంపిన లంకెలో వీడియో చూశాను, రాత ప్రతిని కూడా పూర్తిగా చదివాను. లోపం మీ హాస్యంలో లేదు. వేదిక మీద చెప్పిన మాటలను దుకాణంలో కూడా మీరే చెబుతున్నారు, మిగిలినవారు నిలబడి వింటున్నారు. చీరల మధ్య మరొక వేదిక కట్టినట్టయింది తప్ప దుకాణం కనబడలేదు.

మన ప్రాంతానికి ఏకపాత్ర వినోదం కొత్త కాదు. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారి కాలం నుంచి మనకు తెలిసిన హరిదాసు ఒక్కడే రుక్మిణి అవుతాడు, ఒక్కడే శిశుపాలుడు అవుతాడు, మధ్యలో ఒక పిట్టకథ చెప్పి నవ్విస్తాడు. అదే హరిదాసును నాటకంలో కృష్ణుడి వేషం వేయమంటే, రుక్మిణి మాటలను రుక్మిణికి వదిలిపెట్టాలి. మీరు ఇప్పుడు చేయవలసిన పని అదే.

మీ ప్రదర్శనలో అందరినీ బాగా నవ్వించిన ఘట్టాన్నే తీసుకుందాం. ఒక కొనుగోలుదారు పరుపు నిండా చీరలు విప్పించి, చివరికి "మొదట చూపించారే, అది ఒకసారి తియ్యండి" అంటుంది. వేదిక మీద మీరు ఆమె గొంతు, గుమాస్తా ముఖం, యజమాని చూపు, మూడూ అభినయిస్తారు. వీడియోలో ఆమె ఆ మాట అనగానే మీరు కెమెరా వైపు తిరిగి "ఇలా ఉంటుందండీ మా బతుకు" అంటారు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

అదే ఘట్టాన్ని ఇలా రాసి చూడండి. ఆ మొదటి చీరను మడతపెట్టి పై అరలో సర్దింది కొత్తగా చేరిన మీరే. నిచ్చెన ఎక్కవలసినవాడు మోకాళ్ల నొప్పులున్న పెద్ద గుమాస్తా. గల్లాపెట్టె దగ్గర యజమాని లెక్క రాస్తూనే తల ఎత్తాడు. మీరు నోరు విప్పరు. గుమాస్తా నిచ్చెన మీద చెయ్యి వేసి, ఎంతో మర్యాదగా, "ఏ మొదటిదమ్మా? ఇవాళ మొదట చూపించిందా, దసరాకి మొదట చూపించిందా?" అని అడుగుతాడు. ఆవిడ దసరా నుంచి వస్తూనే ఉందని, ఇంతవరకు ఒక్క చీరా కొనలేదని, అయినా ఈ మనిషి ప్రతిసారీ నిచ్చెన ఎక్కుతున్నాడని ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. నవ్వు గుమాస్తాకు దక్కుతుంది. కానీ ప్రేక్షకులు చూసేది మీ ముఖం వైపు, ఎందుకంటే ఆ చీరను పైన పెట్టింది మీరు, రేపు ఆ నిచ్చెన ఎక్కవలసిందీ మీరే.

డ్రూ కేరీ చేసింది కూడా ఇదే. తన పేరుతో నడిచే ధారావాహికలో పెద్ద నవ్వులను ఆయన ధారాళంగా ఇతరులకు ఇచ్చారు. మిమీ అవమానిస్తుంది, ఈయన పడతాడు. రెండవ సీజన్‌లో వచ్చిన అధికారి విక్ పాత్రను పోషించిన క్రెయిగ్ ఫెర్గూసన్ కూడా స్టాండప్ నుంచి వచ్చిన స్కాట్లాండ్ కళాకారుడే. ఉద్యోగులను వింత వింత పద్ధతులలో పనిలోంచి తీసేసే ఆ పాత్రకు కావలసినంత చోటు దొరికింది. స్నేహితుడు లూయిస్‌గా నటించిన రయన్ స్టైల్స్ అప్పటికప్పుడు అల్లి చెప్పే హాస్యంలో దిట్ట. ఇంతమంది బలమైన హాస్యనటుల మధ్య ముఖ్యపాత్ర ఎక్కువగా వినేవాడిగా, పడేవాడిగా ఉండడానికి చాలా ఆత్మవిశ్వాసం కావాలి. స్టాండప్ నుంచి వచ్చిన వారికి ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే వేదిక మీద రెండు క్షణాల నిశ్శబ్దం కూడా వారికి ఓటమిలా అనిపిస్తుంది.

మీకు మరొక మంచి ఉదాహరణ కెనడా కళాకారుడు జెరీ డీ. ఆయన టొరంటోలో బడిలో పాఠాలు చెప్పి, ఆ అనుభవాలనే స్టాండప్‌గా మలచుకుని, తరువాత కెనడా టీవీ చానల్ సీబీసీలో 2012 నుంచి 2018 దాకా వచ్చిన 'మిస్టర్ డి' అనే ధారావాహికలో ఉపాధ్యాయుడిగా నటించారు. ఆ ఉపాధ్యాయుడికి పాఠం సరిగా రాదు, వచ్చినట్టు నటిస్తాడు. నిజజీవితంలో తాను చూసినదాన్ని చెప్పుకుపోవడం ఆయన ఉద్దేశం కాదు. ఎనిమిది సీజన్లు నడవగల ఒక లోపాన్ని పాత్రలో పెట్టుకున్నారు. మీ పాత్రకు అటువంటి లోపం ఏమిటో మీ రాత ప్రతిలో నాకు కనిపించలేదు. ప్రస్తుతం ఆమె అందరికన్నా తెలివైనది, ఆమె అనే ప్రతి మాటా సరైనదే. ఆమెకు ఏదో ఒకటి చేతకాకపోవాలి. లెక్క రాకపోవచ్చు, కాదనడం రాకపోవచ్చు, లేదా యజమాని మెచ్చుకోలు కోసం అబద్ధాలు చెప్పే అలవాటు ఉండవచ్చు. అది తేల్చుకున్నాకే రెండవ భాగం రాయండి.

ప్రశ్న: ఇటువంటి కథలలో పాత్రలు సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడుతుంటే మన భాష పాడవదా? టీవీలోనైనా శుద్ధమైన తెలుగు వినిపించాలని నా కోరిక.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, మీ ఆవేదన నాకు అర్థమవుతుంది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అందులో చేరిన తరువాత, ఇక్కడి తెలుగువారు భాషను కాపాడుకున్నది ఇళ్లలో, బడులలో మీవంటివారి శ్రమ వల్లనే. అయితే మీ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా 1880లో చేరిన గిడుగు రామమూర్తి గారు, జనం నోట ఉన్న భాషే రాతలోకి రావాలని జీవితాంతం పోరాడారు. సవర భాషను నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. దుకాణంలో యజమాని ఒడియా అధికారితో "ఆజ్ఞా" అని, పక్కనే ఉన్న గుమాస్తాతో "ఏటి బాబూ" అని ఒకే ఊపిరిలో అనడం ఇక్కడి జీవితం. దాన్ని తుడిచేసి అందరి చేత పుస్తక భాష పలికిస్తే, ఆ దుకాణం బరంపురంలోది కాకుండా పోతుంది. హాస్యం కోసం మాత్రమే ఒక భాష వారిని తెలివితక్కువవారిగా చూపిస్తే మాత్రం నేను మీ పక్షానే నిలబడతాను, అది ఏ భాష వారి విషయంలోనైనా సరే.

ప్రశ్న: తెలుగులో ఇటువంటిది ఉందా? మేము రాస్తే ఎన్ని భాగాలు రాయాలి?
— యువ రచయితల బృందం, గుణుపురం

జవాబు: స్టాండప్ కమెడియన్ నడిపినది కాకపోయినా, పని చోటునే కథాస్థలంగా చేసుకుని బాగా నిలిచింది 'అమృతం'. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చింది, గుణ్ణం గంగరాజు గారి సృష్టి. హోటలు నడిపే అమృతరావు పాత్రలో నటులు మారినా ధారావాహిక చెక్కుచెదరలేదు, ఎందుకంటే హోటలు అక్కడే ఉంది, గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు పక్కనే ఉన్నాడు, ఇద్దరి మధ్య సంబంధం మారలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ డ్రూ కేరీ ధారావాహిక చివరి దశ. ఎనిమిదవ సీజన్‌లో పాత స్టోరును మూసేసి, ఆ స్థానంలో ఇంటర్నెట్ వ్యాపార సంస్థను తెచ్చారు. అప్పటికే ప్రేక్షకులు తగ్గుతున్నారు. ఏళ్ల తరబడి అలవాటైన బల్లలు, పాత తగవుల మూలం కూడా పోయేసరికి అది కోలుకోలేదు. తొమ్మిదవ సీజన్‌ను 2004 వేసవిలో ప్రసారం చేసి ముగించారు. కాబట్టి మీరు కథాస్థలాన్ని ఎంచుకునేటప్పుడు, దాన్ని మార్చవలసిన అవసరం రాని చోటును చూసుకోండి.

భాగాల సంఖ్యకు వస్తే, అమెరికా పద్ధతి మీకు పనికిరాదు. అక్కడ జీతాల మీద పనిచేసే రచయితల బృందం ఏడాదికి ఇరవైకి పైగా భాగాలు రాస్తుంది. బ్రిటిష్ 'ది ఆఫీస్' సీజన్‌కు ఆరు చొప్పున రెండు సీజన్లు, తరువాత 2003లో రెండు క్రిస్మస్ ప్రత్యేక భాగాలతో ముగిసింది. మీరు కూడా ఆరే రాయండి. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలకు మించకుండా చూసుకోండి. కెమెరా అద్దెకు తెచ్చేముందు ఆరింటినీ మీ ఊళ్లో ఏదైనా గ్రంథాలయంలోనో బడి గదిలోనో పదిమంది ఎదుట పాత్రల వారీగా చదివి వినిపించండి. ఎక్కడ నవ్వు వచ్చిందో, ఎవరి మాటకు వచ్చిందో ప్రతి పుట అంచున రాసుకోండి. అన్ని గుర్తులూ ముఖ్యపాత్ర మాటల పక్కనే ఉంటే, ఆ భాగాన్ని మళ్లీ రాయవలసి ఉంటుంది.