చంటిబిడ్డ ఏడుపు వినిపించే ఆరాధన

ప్రభువునందు ప్రియ సహోదరునికి వందనములు.

పిల్లల పరిచర్య బాధ్యతను సంఘం మీకు అప్పగించిందని తెలిసి సంతోషించాను. కుటుంబాలు ఇష్టంగా ఆరాధనకు రావాలంటే ఏం చేయాలో రాయమన్నారు. గోడలకు రంగులు, కొత్త పాటలు, ఆటవస్తువుల గురించి మీ ఉత్తరంలో చాలా రాశారు. అవన్నీ మంచివే. అయితే వాటన్నిటికంటే ముందు, ప్రసంగం మధ్యలో ఒక చంటిబిడ్డ ఏడ్చినప్పుడు మీ సంఘంలో ఎన్ని తలలు వెనక్కి తిరుగుతున్నాయో, ఆ ముఖాల్లో ఏం కనిపిస్తోందో ఒక ఆదివారం గమనించండి. ఆ కుటుంబం మళ్లీ వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ క్షణంలోనే తేలిపోతుంది.

ఈ సంగతి నేను ఒక కుటుంబాన్ని పోగొట్టుకున్నాక నేర్చుకున్నాను. నేను సండే స్కూల్ చూసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక తల్లి నెలల బిడ్డను ఎత్తుకుని వరుసగా మూడు ఆదివారాలు వచ్చింది. మూడో ఆదివారం బిడ్డ ఏడుపు అందుకుంది. ముందు వరుసలో ఒకరు వెనక్కి తిరిగి చూశారు, ఇంకొకరు వేలితో తలుపు చూపించారు. ఆమె ఒక చేత్తో బిడ్డను, మరో చేత్తో పాలసీసా జారిపోతున్న సంచిని పట్టుకుని బయటికి నడిచి, ఆరాధన ముగిసేదాకా మెట్ల మీద ఎండలో నిలబడింది. తలుపు పక్కనే ఉన్న నేను కనీసం ఒక కుర్చీ తీసుకెళ్లి వేయలేదు. నాలుగో ఆదివారం ఆమె రాలేదు, ఆ తరువాత కూడా రాలేదు. పిల్లలను తీసుకొచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు యేసు కోపపడ్డాడని మార్కు సువార్త 10వ అధ్యాయంలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ కోపం అడ్డుపడినవారి మీదేనని, ఆ రోజు నేను నిలబడింది కూడా వారి పక్కనేనని ఆ తల్లి రాకుండా పోయాకే నాకు అర్థమైంది.

కాబట్టి మొదటి పనిగా, పసిపిల్లలతో వచ్చేవారి కోసం ఓర్పు గల ఇద్దరు ముగ్గురిని నియమించండి. బిడ్డ ఏడ్చిన వెంటనే వారిలో ఒకరు ఆ తల్లి పక్కకు వెళ్లి కూర్చోవాలి. పిల్లల చప్పుడు ఈ సంఘానికి భారం కాదని సంఘ కాపరి (పాస్టరు) ఆరాధన ఆరంభంలో అందరూ వినేలా చెప్పాలి, ఎందుకంటే ఆ మాట తల్లిదండ్రుల కంటే తక్కినవారు వినడం ఎక్కువ అవసరం. పాలివ్వడానికి, బిడ్డను నిద్రపుచ్చడానికి ప్రసంగం వినిపించే ఒక గది ఉంటే మేలు. అయితే అక్కడికి వెళ్లాలో వద్దో ఆమె ఇష్టానికే వదిలేయండి.

కాస్త ఎదిగిన పిల్లలను వెనక వరుసల్లో కూర్చోబెట్టకండి. అక్కడ వారికి పెద్దల వీపులు తప్ప ఏమీ కనిపించవు. వారిని ముందుకు తీసుకొచ్చి, చేతికి పని ఇవ్వండి. ఎనిమిదేళ్ల పిల్లవాడు కానుకల సంచిని రెండు చేతులతో పట్టుకుని, పెదవి బిగించి, ఒక్క వరుస కూడా వదలకుండా నడిచే తీరు చూడండి. ఆ అరగంట అతడిని ఎవరూ అదుపు చేయనక్కరలేదు. వాక్య పఠనం, కీర్తన ఎత్తుకోవడం, తలుపు దగ్గర పలకరించడం, ఇవన్నీ పిల్లలు చేయగలిగినవే. చదివేటప్పుడు తడబడితే తడబడనివ్వండి. యేసు అయిదు వేలమందికి ఆహారం పెట్టిన రోజున అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు ఉన్నది ఒక చిన్నవాడి దగ్గరే కదా.

పిల్లలను సండే స్కూల్‌కు పంపేసి పెద్దలు ప్రశాంతంగా ఆరాధించుకోవడమే మంచి ఏర్పాటని కొందరు మీతో అంటారు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టించింది, వారంలో ఆరు రోజులు పనుల్లో మగ్గే పేద పిల్లలకు చదవడం నేర్పించాలని. పెద్దల ఆరాధనకు వారు అడ్డు రాకూడదని కాదు. వయసుకు తగిన పాఠం తప్పకుండా ఉండాలి. కానీ ఆరాధనలో కొంత భాగమైనా అన్ని వయసులవారూ ఒకచోట గడపకపోతే, పదిహేనేళ్లు నిండిన పిల్లవాడికి పెద్దల ఆరాధన పరాయి ఇల్లులా తోస్తుంది. ఆ వయసులో పిల్లలు జారిపోవడానికి ఇది పెద్ద కారణమని నా అనుభవం.

ప్రసంగం సంగతి మీ కాపరితో మీరే ప్రేమగా మాట్లాడాలి. అపొస్తలుడైన పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగించినప్పుడు ఐతుకు అనే యువకుడు నిద్రలోకి జారి కిటికీలో నుంచి కింద పడిపోయాడు. పౌలు అతడిని తప్పుపట్టినట్లు ఎక్కడా లేదు, దిగి వెళ్లి కౌగిలించుకున్నాడు. పిల్లలు వినడం లేదంటే వారి మీద విసుక్కునే ముందు, వారికి అర్థమయ్యే ఒక్క సంగతైనా ప్రసంగంలో ఉందా అని చూసుకోవాలి. ప్రశ్నలకూ చోటివ్వండి. ఈ ఆచారం ఏమిటని పిల్లలు అడుగుతారని, అడిగినప్పుడు వివరించాలని, ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను గుర్తుచేసే పస్కా పండుగను నియమించినప్పుడే నిర్గమకాండము చెబుతుంది. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర ఒక పిల్ల గుసగుసగా ఏదో అడిగితే, నోరు మూయించకుండా అదే గుసగుసతో జవాబు చెప్పమని తల్లిదండ్రులకు నేర్పండి.

కంఠత వాక్యాల విషయంలో జాగ్రత్త. బాగా అప్పజెప్పినవారికి బహుమానం ఇవ్వడంలో తప్పులేదు గానీ, అప్పజెప్పలేనివారిని అందరి ముందు నిలబెట్టకండి. చదువు నెమ్మదిగా వచ్చే పిల్లలు, చప్పుడుకు బెదిరే పిల్లలు, చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలు ఏ సంఘంలోనైనా ఉంటారు. ఆ బిడ్డకు ఏది హాయిగా ఉంటుందో తల్లిదండ్రులను ముందే అడిగి తెలుసుకోండి.

కుటుంబం అన్నప్పుడు తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలే మీ మనసులో మెదలకూడదు. భర్తను కోల్పోయిన స్త్రీ, మనవలను పెంచుతున్న తాతయ్య, ఇంట్లో తాను ఒక్కతే విశ్వాసిగా ఉన్న ఇల్లాలు కూడా మీ తలుపు తడతారు. పౌలు శిష్యుడైన తిమోతి విశ్వాసం మొదట అమ్మమ్మ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదని పౌలు రాశాడు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడన్న మాట తప్ప అతని గురించి మనకు వేరే ఏమీ చెప్పలేదు. కాబట్టి "మీ ఆయన రాలేదా?" అని నలుగురిలో ఎవరూ అడగకుండా చూడండి.

భద్రత గురించి మొహమాటం వద్దు. ఏ పెద్దవారూ ఒక్క పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. పిల్లను ఎవరు అప్పగించారో వారికే తిరిగి అప్పగించాలి. ఎంత నమ్మకస్తుడైన పెద్దకైనా, నాతో సహా, ఈ నియమం వర్తించాలి. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. వచ్చే ఆదివారం వెనక వరుసలో, చిన్న పిల్లలున్న కుటుంబం పక్కన, ఆరాధన మొదలు నుంచి చివరి దాకా కూర్చోండి. ఆ బిడ్డ కళ్ల ఎత్తు నుంచి ఏమేం కనిపించాయో, ఆ తల్లి ఎన్నిసార్లు వంగి క్షమించమని అడగవలసి వచ్చిందో నాకు రాయండి. తరువాత ఏం చేయాలో ఆ ఉత్తరం చూసి ఆలోచిద్దాం.

క్రీస్తు ప్రేమలో,
మీ పెద్దన్న