మడవ తిప్పే ముందు

అమ్మలూ,

ప్రోగ్రాం తెరమీద రాసేదంతా కాసేపు ఫైల్లోకి మళ్లించాలి, పని అయ్యాక మళ్లీ తెరకే తేవాలి, ఫ్రీఓపెన్‌తో వెళ్లడం బాగానే వెళ్తోంది గానీ వెనక్కి రావడం లేదు అని రాశావు. ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను. కానీ ఇందులో నేను స్వయంగా తిన్న దెబ్బలున్నాయి. ఫోన్లో అయితే సగం మింగేస్తాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు పేరు. సీ భాషలో ఉన్న ఆ ఫంక్షన్ ఫ్రీ ఓపెన్ కాదు, ఎఫ్‌ రీఓపెన్. తాతయ్య చేలో మడవ కట్టడం చిన్నప్పుడు చూసే ఉంటావు. బోదె అదే, నీళ్లూ అవే. ఈ మడికి పోయే గండి పూడ్చి, పక్క మడికి గండి తీస్తాడు. ఎఫ్‌రీఓపెన్ చేసేది అచ్చం ఆ పనే. స్ట్రీమ్ (ప్రోగ్రాం రాతలు పారే కాలువ) పేరు మారదు, నీ ప్రింట్‌ఎఫ్‌లన్నీ ఎప్పట్లాగే అందులోకి రాస్తుంటాయి, చేరే చోటు మాత్రం మారుతుంది. అది పనిచేసే వరస కూడా తాతయ్యదే: బఫర్‌లో (రాయాల్సింది కాసేపు నిలిచే చోట) మిగిలింది పాత ఫైల్లోకి తోసేస్తుంది, పాతది మూసేస్తుంది, ఆ తర్వాతే కొత్తది తెరుస్తుంది. నీ తిప్పలన్నీ ఈ వరసలోంచే వస్తున్నాయి.

నువ్వు దీన్ని కోడింగ్ పోటీల్లో నేర్చుకున్నావు. మెయిన్ మొదటి లైన్లోనే ఇన్‌పుట్‌ని ఒక ఫైలుకి కట్టేయడం, సబ్మిట్ చేసేటప్పుడు ఆ లైను తీయడం మరిచిపోయి తల పట్టుకోవడం మీ బ్యాచ్ అందరికీ అలవాటే కదా. అక్కడ వెనక్కి రావాల్సిన అవసరమే ఉండదు. ప్రోగ్రాం రెండు సెకన్లు బతికి పోతుంది. అసలీ ఫంక్షన్‌ని పెట్టిందీ అలాంటి పనికే. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్ మాన్యువల్లోనే ఇది ఉంది. ముందే తెరిచి ఉండే మూడు స్ట్రీములను మనకు కావలసిన ఫైళ్లకు తగిలించడానికి వాడతారని అక్కడే రాశారు. తిరిగి రావడం ఎలాగో అందులో లేదు, సీ భాషకి 1989లో వచ్చిన ఆన్సీ ప్రమాణంలోనూ లేదు. నీ కోడ్‌లో ఎక్కడో తప్పుందని రెండు రోజులు వెతికానన్నావు, అక్కడ తప్పేం లేదు. లేని దారి కోసం వెతికావు.

ఇక నా దెబ్బ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బ్యాచ్ ప్రోగ్రాం రాశాను. రాత్రిపూట నడుస్తుంది, ఎస్‌టీడీఅవుట్‌ని, అంటే మామూలుగా తెరకి పోయే స్ట్రీమ్‌ని, లాగ్ ఫైలుకి తిప్పుకుంటుంది. ఎస్‌టీడీ అనగానే నాకు ఇప్పటికీ పసుపు బోర్డు ఫోన్ బూతే గుర్తొస్తుంది, అది వేరే సంగతి. మా మెషీన్లో అంతా చక్కగా ఉంది. క్లయింట్ దగ్గర పెట్టాక లాగ్ లేదు, తెరమీదా ఏమీ లేదు. మూడు రాత్రులు అలాగే గడిచాయి. చూస్తే అక్కడ ఆ లాగ్ డైరెక్టరీనే ఎవరూ సృష్టించలేదు. కొత్త ఫైలు తెరుచుకోక ఎఫ్‌రీఓపెన్ నల్ (కుదరలేదన్న జవాబు) ఇచ్చింది. కానీ అప్పటికే పాత గండి పూడ్చేసింది కదా! కొత్తది తెరుచుకున్నా తెరుచుకోకపోయినా పాతది మూతబడిపోతుంది. నేను నల్‌ని పరీక్షించలేదని కాదు, పరీక్షించాను. పరీక్షించి, ‘లాగ్ తెరవలేకపోయాం’ అని ప్రింట్‌ఎఫ్‌తో రాశాను. అంటే ఆ మూసేసిన స్ట్రీములోకే. అలా రాయడం ప్రమాణం ప్రకారమే చెల్లదు. ఆ మెషీన్లో ప్రోగ్రాం కూలిపోయినా బాగుండేది, ఎవరో ఒకరు చూసేవారు. అది కిక్కురుమనకుండా పనిచేసుకుపోయింది. మేనేజరు ముందు నిలబడి ఇది వివరించాల్సి వచ్చినప్పుడు నాకు పట్టిన చెమటలు వేరే రాయక్కర్లేదు.

కాబట్టి నల్ వచ్చిందంటే ఆ మాట తప్పుల స్ట్రీమ్ అయిన ఎస్‌టీడీఎర్‌లోనే చెప్పు. అది ఉన్నదే అందుకు. దాని పుట్టుక కథ కూడా ఇలాంటిదే. బెల్ ల్యాబ్స్‌లో ఫోటో టైప్‌సెట్టర్ వచ్చిన రోజుల్లో, పొడవాటి కాగితాన్ని కంపుకొట్టే డెవలపర్ యంత్రంలో పెట్టి నిమిషాల తరబడి కాచుకుంటే, చివరికి అందమైన అక్షరాల్లో ‘ఫలానా ఫైలు తెరవలేను’ అన్న ఒక్క లైను అచ్చయి వచ్చేదట. ఒకే మధ్యాహ్నం చాలామందికి అలా జరిగి గొణుక్కుంటే, రెండు రోజుల్లో తప్పుల కోసం వేరే స్ట్రీమ్ పెట్టేశారని యాక్ అనే పార్సర్ తయారుచేసే ప్రోగ్రాం రాసిన స్టీఫెన్ జాన్సన్ గుర్తుచేసుకున్నాడు. వాళ్లకు రెండు రోజుల్లో తట్టింది నాకు మూడు రాత్రులకు గానీ తట్టలేదు.

ఇప్పుడు నువ్వడిగిన తిరుగు ప్రయాణం. యూనిక్స్, లినక్స్‌లో అయితే దారి ఉంది, కాకపోతే బయల్దేరే ముందే ఏర్పాటు చేసుకోవాలి. స్ట్రీమ్ కింద ఫైల్ డిస్క్రిప్టర్ అనే చిన్న అంకె ఉంటుంది, ఎస్‌టీడీఅవుట్‌కి అది 1. ముందు బఫర్ ఖాళీ చేసే ఎఫ్‌ఫ్లష్ చెయ్యి. తర్వాత డప్ అనే కాల్‌తో ఆ 1కి నకలు తీసి దాచుకో. అప్పుడు ఎఫ్‌రీఓపెన్. పని అయ్యాక మళ్లీ ఎఫ్‌ఫ్లష్, డప్2తో దాచుకున్న నకలుని 1 మీదికి తెచ్చి, నకలు మూసేసి, చివర స్ట్రీమ్ మీది తప్పు గుర్తులు చెరిపే క్లియర్‌ఎర్. ఇందులో రెండో ఎఫ్‌ఫ్లష్ మరిచిపోతే ఫైల్లోకి పోవాల్సిన చివరి ముక్క తెరమీద ఊడిపడుతుంది. బోదెలో నిలిచిన నీళ్లు ఖాళీ కాకుండా మడవ తిప్పితే అవి పక్క మడికే పోతాయి. డప్, డప్2 రెండూ యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్‌వి, సీ ప్రమాణంలోవి కావు. విండోస్‌లో అయితే వాటి పేర్ల ముందు అండర్‌స్కోర్ పెట్టాలి.

నకలు తీయకుండా బయల్దేరిన వాళ్లు చివర్లో టెర్మినల్‌కి ఫైలు పేరైన /డెవ్/టీటీవైని తెరుస్తారు. నువ్వు టెర్మినల్ ముందు కూర్చుంటే అదీ పనిచేస్తుంది. కానీ నీ ప్రోగ్రాం అవుట్‌పుట్‌ని ఇంకెవరో పైప్‌లో పెట్టి తమ ప్రోగ్రాంకి మళ్లించుకుని ఉంటే, వాళ్ల పైప్ వదిలేసి తెరమీద కక్కుతావు. నిర్ణీత వేళకి ప్రోగ్రాంలు నడిపే క్రాన్‌లో నడిస్తే తెరే ఉండదు. మన ఎస్‌టీడీఅవుట్ ఎప్పుడూ తెరే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

వెనక్కి వచ్చాక కూడా ఒక తిరకాసు ఉంది. తెరకి రాసేటప్పుడు స్ట్రీమ్ లైను లైనుకీ బఫర్ ఖాళీ చేస్తుంది, ఫైలుకైతే బఫర్ నిండేదాకా ఆగుతుంది. ఎటు రాస్తున్నానో అది మొదటిసారి రాసేటప్పుడే చూసుకుంటుంది. నువ్వు డప్2తో కింద డిస్క్రిప్టర్ మార్చిన సంగతి దానికి తెలీదు, ఇంకా ఫైలే అనుకుంటుంది. అందుకే తిరిగొచ్చాక నీ ‘పేరు టైప్ చెయ్యండి’ కనపడకుండా ప్రోగ్రాం బిగుసుకుపోయినట్టుంటుంది. టెన్షన్ పడకు, ప్రతి ప్రాంప్ట్ తర్వాతా ఒక ఎఫ్‌ఫ్లష్ వెయ్యి. మధ్యలో సిస్టమ్ అనే ఫంక్షన్‌తో వేరే కమాండ్ నడిపినా అంతే, దాని ముందు ఎఫ్‌ఫ్లష్ లేకపోతే లైన్ల వరస తారుమారవుతుంది.

నీ రెండో ప్రశ్న: అవుట్, ఎర్ రెండింటినీ ఒకే ఫైల్లోకి పంపితే అక్షరాలు ఒకదాన్నొకటి తినేస్తున్నాయని. మొదటి నుంచి కొత్తగా రాసే ‘డబ్ల్యూ’ మోడ్‌లో ఒకే పేరుతో రెండుసార్లు ఎఫ్‌రీఓపెన్ చేశావు కదూ? అలా తెరిస్తే ఫైలు ఒకటే గానీ, ఎక్కడిదాకా రాశామన్న గుర్తు ఎవరిది వాళ్లకే. ఇద్దరూ మొదటి బైటు నుంచే మొదలుపెడతారు. ఒకదాన్ని తెరిచి, రెండోదాన్ని డప్2తో దానికే కట్టు. అప్పుడు గుర్తు ఇద్దరికీ ఉమ్మడి. లేదంటే రెండింటినీ చివర చేర్చే ‘ఏ’ మోడ్‌లో తెరువు, నిన్నటి లాగ్ కూడా బతుకుతుంది. అయినా ఎర్‌కి మామూలుగా బఫర్ ఉండదు, అవుట్‌కి ఉంటుంది కాబట్టి తప్పుల లైన్లు ముందుగా దూకుతాయి. ఎఫ్‌రీఓపెన్ అవగానే, ఇంకేమీ రాయకముందే, బఫర్ పద్ధతి మార్చే సెట్‌విబఫ్‌తో అవుట్‌ని లైను పద్ధతికి మార్చేస్తే సరిపోతుంది.

ఇంత చెప్పాక అసలు మాట. మీ టీమ్ లైబ్రరీలో ఒక ఫంక్షన్ రాసే రిపోర్టుని పట్టుకోవడానికే కదా ఇదంతా? ఆ ఫంక్షన్ మీరు రాసిందే కదా? అయితే మడవ జోలికే పోవద్దు. ఆ ఫంక్షన్‌కి ఒక ఫైల్ పాయింటర్ ఆర్గ్యుమెంట్ ఇచ్చి, లోపలి ప్రింట్‌ఎఫ్‌లన్నీ చెప్పిన స్ట్రీములోకి రాసే ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌లుగా మార్చు. తెర కావాలంటే ఎస్‌టీడీఅవుట్ పంపు, ఫైలు కావాలంటే ఫైలు పంపు, మెమరీలోనే కావాలంటే పోసిక్స్‌లో ఓపెన్_మెమ్‌స్ట్రీమ్ ఉంది. ఒక పూట పని. ఎస్‌టీడీఅవుట్ అంటే ప్రోగ్రాం మొత్తానికీ ఉమ్మడి కాలువ. లైబ్రరీ లోపల కూర్చుని దాన్ని తిప్పితే, అదే సమయంలో ఇంకో థ్రెడ్ రాసేది కూడా నీ ఫైల్లోకే కొట్టుకొస్తుంది. నా మటుకు నేను ఎఫ్‌రీఓపెన్‌ని మెయిన్ మొదట్లో తప్ప ఇంకెక్కడా ఒప్పుకోను. మీ సీనియర్ ఒకాయన ఎస్‌టీడీఅవుట్ వేరియబుల్‌కే కొత్త స్ట్రీమ్‌ని అసైన్ చేసెయ్యమన్నాడన్నావు. లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో అది నడుస్తుంది. మజిల్ అనే ఇంకో సీ లైబ్రరీలో ఆ వేరియబుల్ కాన్‌స్ట్, అంటే మార్చకూడనిది, కంపైల్ కూడా అవ్వదు. పైగా కింద 1 మారదు కాబట్టి, సిస్టమ్‌తో నడిపిన కమాండ్ ఎప్పట్లాగే పాతచోటికే రాస్తుంది.

మార్చాక ఒక పరీక్ష చెయ్యి. లినక్స్‌లో /డెవ్/ఫుల్ అని ఒక దొంగ ఫైలు ఉంది. తెరుచుకుంటుంది, కానీ ఎంత రాసినా డిస్కు నిండిపోయిందంటుంది. నీ రిపోర్టుని దాంట్లోకి పంపు. బఫర్ నిండనంతవరకూ ప్రింట్‌ఎఫ్ అందులో వేసి అంతా బాగుందనే చెబుతుంది, నిజం బయటపడేది ఎఫ్‌ఫ్లష్ లేదా ఎఫ్‌క్లోజ్ దగ్గరే. మీ కోడ్ ఆ రెండూ ఇచ్చే జవాబు చూస్తోందో లేదో కనుక్కుని నాకు రాయి.

మీ పెదనాన్న