వాసన పోతే రుచి ఎందుకు పోతుంది? లోపం నాలుకలోనా, ముక్కులోనా?

మీరు అడిగింది ఇది: "జలుబు తగ్గి మూడు నెలలైంది. అమ్మకు ఇప్పటికీ ఏం తిన్నా రుచి తెలియడం లేదు. పొద్దున్నే నాలుక ఎర్రబడేదాకా గీసుకుంటోంది. కూరల్లో ఉప్పు, కారం పెంచేస్తోంది. లోపం నాలుకలోనా, ముక్కులోనా?"

నేను డాక్టర్‌ను కాను. అనంతపురం పక్కన ఒక పల్లెలో చెక్క గానుగ నడుపుతాను. బుడ్డల నూనె తీసి అమ్ముతాం. బుడ్డలంటే చెనిక్కాయలే, కోస్తా వాళ్ల వేరుశనగ. గింజలు మంచివో కావో కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది మాకు. ఆ ముక్కు నాకు ఏడాదికి పైగా పనిచేయలేదు. అందుకే మీ అమ్మగారి బాధ నాకు బాగా తెలుసు. కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

మీరు రాసినదాన్ని బట్టి నాలుక తప్పేమీ నాకు కనబడలేదు. ముందు ఆ నాలుక గీకడం మాన్పించండి. తర్వాత ఈ చిన్న పరీక్ష చేయండి. కళ్లు మూసుకోమని చెప్పి, కాస్త చక్కెర, కాస్త ఉప్పు, ఒక చుక్క నిమ్మరసం, ఒక చిన్న కాకరకాయ ముక్క ఒకదాని తర్వాత ఒకటి నాలుక మీద పెట్టండి. మధ్యలో నీళ్లతో పుక్కిలించమనండి. నాలుగూ సరిగ్గా చెప్పగలిగితే నాలుక బాగున్నట్టే. నన్ను చూసిన ఈఎన్‌టీ డాక్టరమ్మ మొదట చేసింది ఇదే. నేను నాలుగూ టకటకా చెప్పేశాను. "నాలుక భేషుగ్గా ఉంది, మీకు పోయింది వాసన" అన్నారు. నేను నమ్మలేదు. వాసన పోయిందని నాకు తెలుసు. కానీ కూర చప్పగా ఉండటానికి, ముక్కుకు సంబంధం ఏమిటని నా వాదన.

2021 మే నెలలో నాకు కరోనా వచ్చింది. నాలుగో రోజు పొద్దున మా ఆవిడ పప్పుకు తిరగవాత పెడుతోంది. ఆవాలు చిటపటమన్న చప్పుడు పక్కగదిలోకి వినబడింది. వాసన మాత్రం రాలేదు. లేచి వెళ్లి బాణలి మీదకు వంగాను. ఆవిరి మొహానికి తగిలింది, ఇంగువ లేదు, కరివేపాకు లేదు. జ్వరం తగ్గింది, వాసన రాలేదు. మూడు నెలల తర్వాత రెండు మూటల గింజలు చెమ్మ తగిలి ముక్కిపోయి ఉంటే, ఎప్పటిలాగే గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, బాగున్నాయనుకుని గానుగలో పోశాను. మూడో రోజు పక్క వీధి పెద్దమ్మ క్యాన్ పట్టుకుని వచ్చింది. "ఏం నాయనా, ఈసారి నూనె ఇట్లా కనరు కొడుతోందే" అంది. అమ్మిన నూనె అంతా వెనక్కి తెచ్చుకున్నాను. ఆ రోజే డాక్టర్ దగ్గరికి బయలుదేరాను.

డాక్టరమ్మ సన్నటి కెమెరా గొట్టం ముక్కులోకి పోనిచ్చి, టీవీ తెరమీద నాకే చూపించారు. నా వయసులో మొదటిసారి నా ముక్కు లోపల చూసుకున్నాను. మధ్యలో గోడ. ముందు భాగం మెత్తటి మృదులాస్థి, వెనక భాగం ఎముక. గోడ మనలో చాలామందికి ఎంతో కొంత వంకర ఉంటుందట, నాదీ ఎడమవైపుకు వంగి ఉంది. పక్క గోడల మీద ఒకదాని పైన ఒకటిగా మూడేసి మడతలు, తడిగా, ఎర్రగా. లోపలికి పోయే గాలిని వెచ్చబరిచి, తడిపి, దుమ్ము పట్టుకునేది అవే. మన ఎండాకాలపు పొడిగాలికి వాటికి చేతినిండా పని. (మే నెలలో మన పిల్లలకు ముక్కు అదిరి రక్తం కారేది కూడా ఎక్కువగా ఆ మధ్య గోడ ముందు భాగం నుంచే. అప్పుడు తల వెనక్కి వాల్చకూడదు. ముందుకు వంచి, ముక్కు కింది మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి.)

వాసన పట్టే చోటు ఈ మడతలు కాదు. అది ఎక్కడో పైన, రెండు కళ్ల మధ్య లోపలికి, ముక్కు కప్పు కింద ఉంటుంది. ఒక్కో వైపు తపాలా బిళ్ళంత పొర, అంతే. మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు గాలి చాలావరకు కింది నుంచే పోతుంది, పైదాకా వెళ్లేది కొద్దిగానే. అందుకే ఏదైనా వాసన చూడాలంటే మనం ఎగబీలుస్తాం. ఆ పొరలో ఉన్నవి నిజంగా నాడీకణాలే. వాటి సన్నటి పోగులు పైనున్న జల్లెడ లాంటి ఎముక చిల్లుల్లోంచి దూరి నేరుగా మెదడుకు చేరతాయి. ఆ కణాలమీద వాసనను గుర్తుపట్టే గ్రాహకాలు మనిషిలో సుమారు 400 రకాలు. వీటి జన్యువులను 1991లో బయటపెట్టిన రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ ఇచ్చారు. కరోనా వైరస్ ముఖ్యంగా దెబ్బతీసేది ఈ నాడీకణాలను కాదట, వాటి చుట్టూ ఉండి ఆసరా ఇచ్చే కణాలను. పందిరి కూలితే తీగ ఏం నిలబడుతుంది! మామూలు జలుబు వైరస్‌ల వల్ల కూడా కొందరికి వాసన ఇలా నెలల తరబడి పోతుంది. మీ అమ్మగారిది అదే అయి ఉండొచ్చు.

ఇక రుచి సంగతి. వాసన ఆ పొరకు చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి ముక్కు రంధ్రాలు. రెండోది మనం ఎప్పుడూ తలవనిది, నోటి వెనక నుంచి, కొండనాలుక వెనకగా పైకి పోయే దారి. నమిలి మింగుతూ ఊపిరి వదిలినప్పుడు ముద్దలోని వాసన ఆ వెనక దారిన పైకి ఎక్కుతుంది. అదే సమయంలో నాలుక మీద ముద్ద ఉంటుంది కాబట్టి, మెదడు ఆ రెంటినీ కలిపేసి "నోట్లో రుచి" అని చెబుతుంది. నాటుకోడి పులుసు రుచి అని మనం అనేదాంట్లో ఎక్కువ పాలు ముక్కుదే.

నమ్మకం లేకపోతే మీరే చేసి చూడండి, అమ్మగారు కాదు, వాసన తెలిసిన మీరు. ముక్కు గట్టిగా మూసుకుని చిటికెడు సోంపు నోట్లో వేసుకుని నమలండి. కాస్త తీపి తప్ప ఏమీ తెలియదు. గడ్డి నమిలినట్టు ఉంటుంది. అలాగే నములుతూ ఒక్కసారి ముక్కు వదలండి. గుప్పున సోంపు వస్తుంది. నాలుక మీద ఉన్నది మారలేదు, వెనక దారి తెరుచుకుంది. ఇంట్లో మా పిల్లలు చేస్తే చూసి, అప్పుడు నమ్మాను డాక్టరమ్మ మాట.

మరి నాలుక చేసేది ఏమిటి? నేరేడు పండ్లు తిని అద్దంలో చూసుకోండి. ఊదారంగు పట్టిన నాలుక మీద అక్కడక్కడా లేతగా చుక్కలు కనబడతాయి, ముఖ్యంగా కొసన. అవి రుచి మొగ్గలున్న బుడిపెలు. వాటి చుట్టూ వెంట్రుకల్లా దట్టంగా ఉండేవి వేరే రకం. నాలుకకు గరుకుదనం ఇచ్చేవి అవే, వాటిలో రుచి మొగ్గలు ఉండవు. తెల్లటి పాచి పట్టేది వాటికే. కాబట్టి పాచిని ఎంత గీకినా రుచి తిరిగి రాదు, పైగా బుడిపెలు ఒరిసిపోయి మంట పుడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. నాలుక బాగా వెనక వరసగా ఎనిమిది నుంచి పన్నెండు దాకా పెద్ద బుడిపెలు ఉంటాయి. చాలామంది వాటిని ఫోన్ లైట్ వేసి చూసుకుని ఏం గడ్డలో అని టెన్షన్ పడతారు. అవి అందరికీ ఉంటాయి.

చిన్నప్పుడు బడిలో బొమ్మ చూసే ఉంటారు, కొసన తీపి, వెనక చేదు, పక్కల పులుపు అని. అది తప్పు. 1901లో ఒక జర్మన్ శాస్త్రవేత్త కొలిచిన చాలా చిన్న తేడాలను తర్వాతి వాళ్లు పెద్దవి చేసి గీసిన బొమ్మ అది. రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. ఆ కబురు మాత్రం ఒకే తీగలో పోదు. ముందు మూడింట రెండు వంతుల రుచిని ముఖ నాడి కొమ్మ మోస్తుంది, వెనక భాగాన్ని మరో నాడి. ఆ ముందు కొమ్మ చెవి మధ్యభాగంలోంచి పోతుంది. మా బావమరిదికి కర్ణభేరి ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు నాలుక ఒకవైపు ఇనుము నాకినట్టు ఉండేదని అంటే మేం ఎవరం నమ్మలేదు. నిజమే చెప్పాడు పాపం.

నాలుక పట్టేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా ఒక కమ్మదనం. ఆ అయిదోదాన్ని 1908లో జపాన్‌కు చెందిన కికునే ఇకెడా గుర్తించి ఉమామి అని పేరు పెట్టారు. బాగా పండిన టమోటాలో, మాంసం ఉడికిన రసంలో ఉంటుంది. మన షడ్రుచుల్లోని కారం, వగరు ఈ లెక్కలోకి రావు. వగరు అంటే నోటి ఎంగిలిలోని జిగురు పోయి నోరు బిగిసినట్టయ్యే స్పర్శ. కారం అయితే నొప్పి. మిరపలోని కాప్సైసిన్, వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తడుతుంది. 43 డిగ్రీల పైన వేడి తగిలితే మేలుకునే గ్రాహకమే అది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. నోరు మండిందని మనం అనే మాటలో అతిశయం ఏమీ లేదు, మెదడుకు అందేది మంట కబురే. నీళ్లు తాగితే తగ్గదు, కాప్సైసిన్ నీళ్లలో కరగదు. పాలూ మజ్జిగా తాగితే తగ్గుతుంది.

నాలుక పని వేరు, ముక్కు పని వేరు అన్నది 2022 ఏప్రిల్ 2న, ఆ ఏడు ఉగాది రోజు నాకు అనుభవంలోకి వచ్చింది. పచ్చడి నోట్లో పెట్టుకున్నాను. బెల్లం తీపి తెలిసింది, చింతపండు పులుపు తెలిసింది, వేపపూత చేదు నాలుకను పట్టుకుంది, పచ్చిమిర్చి చురుక్కుమంది. అన్నీ ఉన్నాయి. కానీ మామిడికాయ లేదు. ముక్కలు పంటికింద కరకరమంటున్నాయి, పుల్లగా ఉన్నాయి, అది మామిడికాయే అని చెప్పే గుర్తు లేదు. వేపపూతలో పువ్వు లేదు, ఉట్టి చేదు ఉంది. నాలుక ఎంత, ముక్కు ఎంత అని నాకు ఆ చెంచాడు పచ్చడిలోనే విడివిడిగా తెలిసింది. ఆ రోజు తిన్నది మింగి బయటికి వెళ్లి కూర్చున్నాను. పండగపూట ఇంట్లో వాళ్లకు చెప్పాలనిపించలేదు.

ఒక జాగ్రత్త. అమ్మగారికి వాసన ఉందో లేదో తలనొప్పి బామ్‌తో చూడకండి. దాని ఘాటు, చల్లదనం ముఖంలోని స్పర్శ, నొప్పి నాడి పట్టేస్తుంది. వాసన పూర్తిగా పోయినవాళ్లకు కూడా "ఏదో తెలుస్తోంది" అనిపిస్తుంది. నాకు మిరపకాయలు దంచుతుంటే దగ్గొచ్చేది, ఉల్లిగడ్డ కోస్తే కళ్లలో నీళ్లు వచ్చేవి, వాసన సున్నా. కాఫీ పొడితోనో, సోంపుతోనో చూడండి.

ఇంక చేయాల్సింది. మొదట ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. లోపల కండ పెరిగినా, సైనస్ వాచి ఉన్నా దారి మూసుకుపోయి వాసన పోతుంది, దానికి వైద్యం వేరు. ఒకవైపే ముక్కు మూసుకుపోయినా, రక్తం పడుతున్నా, తలకు దెబ్బ తగిలి ఉన్నా అసలు ఆలస్యం చేయకండి. మెడికల్ షాపులో ముక్కు దిబ్బడకు ఇచ్చే డ్రాప్స్ మాత్రం రోజుల తరబడి వేయకండి. నేను మూడు వారాలు వేశాను. వేసినప్పుడు తెరుచుకునేది, తర్వాత ముందుకంటే ఎక్కువ బిగుసుకుపోయేది. అది మానడానికి మళ్లీ ఇంకో రెండు వారాలు పట్టింది.

లోపల అడ్డం ఏమీ లేదంటే వాసన సాధన చేయించండి. జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి ఇది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగింటిని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోటి సుమారు పది సెకన్ల పాటు మెల్లగా వాసన చూడాలి. కనీసం పన్నెండు వారాలు. నేను నాలుగు చిన్న సీసాలు పెట్టుకున్నాను. చూస్తున్నప్పుడు లవంగం వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోమన్నారు డాక్టరమ్మ. మొదటి రెండు నెలలు ఖాళీ సీసాలు చూసినట్టే ఉండేది.

అంత కాలం పట్టడానికి కారణం ఉంది. నాలుక మీద రుచి కణాలు సుమారు పది రోజులకొకసారి కొత్తవి పుడతాయి, అందుకే వేడి కాఫీకి కాలిన నాలుక వారంలో మామూలైపోతుంది. ముక్కులో నాడీకణాలు కూడా కొత్తవి పుడతాయి కానీ, ఒక్కోటీ తన పోగును ఆ జల్లెడ ఎముకలోంచి పైకి పంపి, మెదడులో సరైన చోట అతుక్కోవాలి. మధ్యలో తప్పుగా అతుక్కుంటే వాసనలు తారుమారు అవుతాయి. నాకు 2022 జనవరిలో కాఫీ కాలిన రబ్బరులా, వేయించిన ఉల్లిగడ్డ కుళ్లినట్టు వచ్చాయి. భయపడి డాక్టర్‌కు ఫోన్ చేస్తే, "మంచిదే, కణాలు లేస్తున్నాయి" అన్నారు. మీ అమ్మగారికి అలా జరిగితే వంట మీద కోపం చేసుకోవద్దని ముందే చెప్పి ఉంచండి.

నాకు మొదట నిఖార్సుగా తిరిగొచ్చింది మట్టివాసన. 2022 జూన్‌లో ఒక సాయంత్రం గానుగ షెడ్డు ముందు ఎర్రనేల మీద నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. వాన కురిసేదే తక్కువైన జిల్లా మాది, ఆ వాసన కోసం ఊరంతా ఎదురుచూస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం అది, అతి తక్కువ మోతాదులో ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. నేను గానుగ ఆపేసి బయటికొచ్చి తడిశాను. నూనె వాసన పూర్తిగా తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. కాఫీ ఇప్పటికీ పాత కాఫీ కాలేదు.

అమ్మగారికి వాసన తిరిగొచ్చేదాకా ఇంట్లో రెండు విషయాలు చూసుకోండి. ఒకటి గ్యాస్. లీకైతే తెలియడానికే దానికి ఆ చెడువాసన కలుపుతారు, అమ్మగారికి అది తెలియదు. మా ఇంట్లో ఒకసారి పాలు పొంగి స్టవ్ ఆరిపోతే నేను పక్కనే కూర్చుని ఉన్నా గమనించలేదు, మా ఆవిడ వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చింది. రాత్రి రెగ్యులేటర్ ఆపేయడం అలవాటు చేయండి, మిగిలిన కూరల గిన్నె మీద వండిన రోజు రాసి పెట్టండి.

రెండోది ఉప్పు. రుచి రావడం లేదని ఉప్పు పెంచితే బీపీ పెరుగుతుంది తప్ప, పోయిన వాసన రాదు. పనిచేస్తున్న వాటిని వాడుకోండి. పులుపు తెలుస్తుంది, చల్లన, వేడి తెలుస్తాయి, కరకర తెలుస్తుంది. పుంటికూర, నిమ్మకాయ, టమోటా ఎక్కువ చేయండి. నేను వాసన లేక అన్నం మీద విరక్తి పుట్టి ఆరు కిలోలు తగ్గినప్పుడు, మా ఆవిడ సంగటిలోకి ఊరుబిండి మెత్తగా కాకుండా బరకగా నూరడం మొదలుపెట్టింది. బుడ్డలు పంటికింద తగిలేవి, చింతపండు నాలుకను లాగేది. ఆ నెలల్లో నేను రెండోసారి అడిగి వేయించుకున్నది అదొక్కటే.

కాకరకాయ పరీక్షలో అమ్మగారు ఏం చెప్పారో ఇక్కడే కింద రాయండి.