కుర్సురా చరిత్ర రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. ఐ.ఎన్.ఎస్. కుర్సురా సర్వీసు చరిత్ర రాస్తానన్నావు, చాలా సంతోషం. కానీ నువ్వు పంపిన ప్లాన్‌లో సగానికి పైగా అధ్యాయాలు 1971 యుద్ధం మీదే ఉన్నాయి. ముప్పై ఒక్కేళ్లు పనిచేసిన సబ్‌మెరైన్‌ని ఒక్క నెలలో ఇరికించేస్తే ఎలాగమ్మా? ఆ తరగతి సబ్‌మెరైన్లలో, ఫాక్స్‌ట్రాట్లు అంటాం మేము, ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైనవాణ్ణి. నాకు తోచింది చెప్తాను, పనికొచ్చింది తీసుకో.

ముందు ఆ యుద్ధం సంగతే చూద్దాం. కుర్సురా గస్తీకి వెళ్లేసరికి యుద్ధం ఇంకా మొదలవలేదు. నవంబరు 18 నుంచి 30 దాకా అరేబియా సముద్రంలో తనకిచ్చిన చోట ఉంది. 30న కరంజ్ అనే మన ఇంకో సబ్‌మెరైన్‌ని కలిసి తను చూసినదంతా అప్పజెప్పి, డిసెంబరు 4న బొంబాయి చేరింది. పాకిస్తాన్ విమానాలు మన మీద దాడి చేసింది 3వ తేదీ సాయంత్రం. అంటే మన సబ్‌మెరైన్ ఇంటిదారిలో ఉండగా యుద్ధం మొదలైంది. ఒక్క ఓడని కూడా ముంచలేదు.

ఇది చూసి నీకు ఉసూరుమంటుందని తెలుసు. కానీ ఆ గస్తీకి ఇచ్చిన ఆదేశాలు ఒకసారి చదువు. శత్రు నౌకేనని కచ్చితంగా తేలాలి, లేదా పైనుంచి ఆర్డర్ రావాలి. అప్పుడే కొట్టాలి. పైన వర్తక నౌకలు అన్ని దేశాలవీ తిరుగుతుంటాయి. రాత్రిపూట పెరిస్కోప్‌లో కనిపించేది ఒక దీపం, సోనార్‌లో వినిపించేది ఒక ప్రొపెల్లర్ చప్పుడు. అది ఎవరిదో తేల్చుకోవాలంటే దగ్గరికి వెళ్లాలి, దగ్గరికెళితే మనమే దొరికిపోవచ్చు. ఫాక్స్‌ట్రాట్‌లో పట్టేది 22 టార్పెడోలు. వాటిని పెట్టుకుని, ఒక్కటీ వదలకుండా, ఎవరి కంటా పడకుండా తిరిగి రావడం కమాండర్‌కి ఎంత టెన్షనో ఆలోచించు. దాడి చేసే సబ్‌మెరైన్ అన్నంత మాత్రాన రోజూ దాడి చేయదు. చూడటం, వినడం, చెప్పడం, ఎక్కువ భాగం దాని పని ఇదే. నీ పుస్తకానికి ఉత్కంఠ కావాలంటే అది ఆ ఆదేశాల్లోనే ఉంది.

పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ జోలికి మాత్రం ఎక్కువ పోకు. కుర్సురాయే ఘాజీని ముంచిందని అనుకునేవాళ్లు విశాఖలో ఇప్పటికీ తగుల్తారు. ఘాజీ డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ బయట మునిగింది. అప్పటికి కుర్సురా ఇంకో తీరంలో ఉంది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటిలోపల పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నేవీ అంటుంది, లోపలి పేలుడో సొంత మైన్లో కారణమని పాకిస్తాన్ అంటుంది. ఆ తగువు తీర్చే పని నీది కాదు. రెండు మాటలూ ఒక పేరాలో రాసి ముందుకెళ్లిపో.

ఇప్పుడు లెక్క. కుర్సురా మొత్తం తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్లు. సుమారు లక్షా ముప్పై ఆరు వేల కిలోమీటర్లు. వినడానికి గొప్పగా ఉంది కదా? 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో కమిషన్ అయింది, అంటే నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరి 27న డీకమిషన్ అయింది. ఆ రోజులతో భాగించి చూడు, సగటున రోజుకి 12 కిలోమీటర్లు కూడా నిండవు. అందులోనూ మొదటి ప్రయాణమే పెద్ద ముక్క తినేసింది. అప్పట్లో సూయెజ్ కాలువ మూసి ఉంది, కాబట్టి 1970లో గోథెన్‌బర్గ్, లా కొరూన్యా, టకోరాడి, మారిషస్ మీదుగా ఆఫ్రికా మొత్తం చుట్టి రావాల్సి వచ్చింది.

మరి మిగతా కాలం ఏం చేసింది? ఇది అడగకుండా చరిత్ర రాయొద్దు. రేవులో ఉంది, రిఫిట్‌లో, అంటే పెద్ద మరమ్మతులో ఉంది, శిక్షణలో ఉంది. మధ్యలో కొన్నేళ్లు అసలు కదల్లేదు. తన సామాను విప్పి తోటి సబ్‌మెరైన్లకి ఇచ్చారు. మళ్లీ అన్నీ బిగించుకుని 1980ల్లో సముద్రంలోకి దిగింది. చాలామంది రచయితలు ఇలాంటి ఏళ్లని ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకు అది నచ్చదు. సోవియట్ నుంచి విడిభాగాలు రావాల్సిన రోజుల్లో ఉన్న సబ్‌మెరైన్లలో ఏది నడవాలి, ఏది ఆగాలి అన్న నిర్ణయం చిన్నది కాదు. డాక్‌యార్డులో పనిచేసిన ఫిట్టర్లని వెతికి పట్టుకో. ఆఫీసర్ల కంటే వాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది.

మనుషుల్ని అడిగేటప్పుడు "యుద్ధంలో ఏం జరిగింది?" అని మొదలుపెట్టకు. అందరూ ఒకటే కథ చెప్తారు, అదీ ఎక్కడో చదివిందే. "ఎక్కడ పడుకునేవారు? మీ వాచ్ (డ్యూటీ వంతు) ఎప్పుడు? నీళ్లు ఎంత ఇచ్చేవారు?" అని అడుగు. స్నార్కెల్ గురించి తప్పకుండా అడుగు. బ్యాటరీలు చార్జ్ చేయాలంటే డీజిల్ ఇంజన్లు నడవాలి, వాటికి గాలి కావాలి, అందుకని గొట్టం ఒకటి నీటి పైకి పెడతాం. అల వచ్చి ఆ గొట్టం మూతపడితే ఇంజన్లు లోపలి గాలినే లాగేస్తాయి, అందరి చెవులూ ఒక్కసారిగా దిబ్బడేస్తాయి. చార్జింగ్‌లో బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది పేరుకుంటే పేలుతుంది. ఇక్కడ నన్ను వదిలితే పది పేజీలు రాస్తాను, వద్దులే.

ఎవరు ఏ తేదీ చెప్పినా కాగితంతో సరిచూసుకో. కీల్ (అడుగు దూలం) వేసిన రోజు, నీటిలోకి దించిన రోజు, కమిషన్ రోజు వేరువేరు. పత్రికల్లో మూడూ కలిపేస్తుంటారు.

కుర్సురా ఇప్పుడు మ్యూజియంగా ఉన్న విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లి దాని లోపల నెమ్మదిగా నడువు. ముందు ఆరు టార్పెడో ట్యూబులు, వెనక నాలుగు, లెక్కపెట్టు. కుర్రాళ్లు లేని రోజు చూసుకుని వెళ్లు, లేకపోతే ఫొటోల గోలలో ఏమీ వినపడదు. లోపల ఉండే గైడ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే, తీరిక చూసుకుని పలకరించు. ఒక్క మాట, పక్కన కనిపించే ఆ తలుపులు జనం కోసం తర్వాత కోసినవి. మేమెప్పుడూ పైనున్న హ్యాచ్‌లోంచే దిగేవాళ్లం. 2002 ఆగస్టు 9న మ్యూజియంగా ప్రారంభించారు, జనాన్ని రానిచ్చింది మాత్రం 24 నుంచి. నీ చరిత్ర 2001లో ఆపేయకుండా దాన్ని ఒడ్డుకి లాగిన సంగతి కూడా చేర్చు.

ముందు ఆ కదలని ఏళ్ల అధ్యాయం రాసి నాకు పంపు. 1971 ఆఖర్న రాద్దువుగాని.

ఇట్లు,
పెదనాన్న