ఏ సిస్టమో ముందు చెప్పు

తమ్ముడూ,

ఫంక్షన్‌ని పిలిచినప్పుడు దానికిచ్చే విలువలు (ఆర్గ్యుమెంట్లు) ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గదుల్లోకి (రిజిస్టర్లలోకి) ఎలా వెళ్తాయో చెప్పే నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి లాప్‌టాప్ ముందు కూర్చుని. "ఫంక్షన్‌ని పిలిస్తే మొదటి ఆర్గ్యుమెంట్ ఆర్‌డిఐ రిజిస్టర్‌లో వెళ్తుంది" అని మూడో పేరాలో రాశావు. లినక్స్‌లో అయితే నిజమే. విండోస్ ఉన్న కుర్రాడు అది నమ్మి డీబగ్గర్ (నడిచే ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూపించే సాధనం) తెరిస్తే అక్కడ ఏదో సంబంధం లేని విలువ ఉంటుంది. నీ వాక్యాన్ని అనుమానించడు, పాపం, తనకే బుర్ర లేదనుకుంటాడు.

చిప్పు ఒకటే అయినా, ఏ విలువ ఏ రిజిస్టర్‌లో వెళ్లాలనే ఒప్పందాలు రెండు. 64-బిట్ ఇంటెల్, ఏఎండీ మీద లినక్స్ నడిచేది సిస్టమ్ ఫైవ్ అనే పద్ధతిలో. పూర్ణాంకాలకూ పాయింటర్లకూ (మెమరీ చిరునామాలకు) ఆరు రిజిస్టర్లు: ఆర్‌డిఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డిఎక్స్, ఆర్‌సిఎక్స్, ఆర్8, ఆర్9. విండోస్‌లో నాలుగే: ఆర్‌సిఎక్స్, ఆర్‌డిఎక్స్, ఆర్8, ఆర్9. ఈ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది, దాని మీద పేజీ ఖర్చు పెట్టకు. ఒక ఇంట్ (పూర్ణాంకం), ఒక డబుల్ (దశాంశ సంఖ్య), మళ్లీ ఒక ఇంట్ తీసుకునే చిన్న ఫంక్షన్ రాసి చూపించు. లినక్స్‌లో అవి ఆర్‌డిఐ, ఎక్స్‌ఎంఎం0, ఆర్‌ఎస్‌ఐలలోకి వెళ్తాయి (దశాంశ సంఖ్యలకు ఎక్స్‌ఎంఎం రిజిస్టర్లు వేరే ఉంటాయి). విండోస్‌లో ఆర్‌సిఎక్స్, ఎక్స్‌ఎంఎం1, ఆర్8. మధ్యలో ఆర్‌డిఎక్స్ ఎందుకు వదిలేశారు? విండోస్ లెక్కపెట్టేది ఎన్నో ఆర్గ్యుమెంట్ అని, ఏ రకం అని కాదు. పాఠకుడు ఆగి ఆలోచించే చోటు ఇదే. నువ్వేమో ఒక్క లైన్లో దాటేశావు.

నువ్వు రాసిన విస్తట్లో వడ్డన పోలిక బాగుంది కానీ నాలుగు పేరాలు సాగింది. ఒక వాక్యం చాలు.

నా సంగతి ఒకటి చెప్తాను. లినక్స్ కోసం అసెంబ్లీలో (ప్రాసెసర్ ఆదేశాలనే నేరుగా రాసే భాషలో) రాసిన ఫంక్షన్ ఒకటి విండోస్‌కి తెచ్చాను. ఆర్గ్యుమెంట్ రిజిస్టర్లు మార్చేసి పనైపోయిందనుకున్నాను. నా ఫంక్షన్ జవాబు సరిగ్గానే ఇచ్చేది, ప్రోగ్రామ్ మాత్రం ఇంకెక్కడో పడిపోయేది. రెండు రోజులు టెన్షన్. లినక్స్‌లో మనం పిలిచిన ఫంక్షన్ ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డిఐలను ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చు, విండోస్‌లో వాడితే పాత విలువ మళ్లీ పెట్టి వెళ్లాలి. నేను పెట్టలేదు. నీ వ్యాసంలో ఈ ముక్కే లేదు. పిలిచేవాడు విండోస్‌లో స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) మీద వదలాల్సిన 32 బైట్ల చోటు గురించి రాశావు, మంచిదే. అది ఎందుకో కూడా రాయి: రిజిస్టర్‌లలో వచ్చిన నాలుగింటినీ అక్కడ దించితే, స్టాక్ మీద వచ్చిన మిగతావాటితో కలిసి అన్నీ వరసగా ఉంటాయి.

విండోస్ మెషీన్ లేదని సాకు చెప్పకు. జీసీసీ కంపైలర్‌లో ఫంక్షన్‌కి ఎంఎస్_ఏబీఐ ఆట్రిబ్యూట్ (విండోస్ ఒప్పందం పాటించమని చెప్పే గుర్తు) తగిలించి, అసెంబ్లీ బయటికి తీసి చూడు. లినక్స్‌లోనే కూర్చుని విండోస్ పద్ధతి చూడొచ్చు. కంపైలర్ ఇచ్చిందే వ్యాసంలో అతికించు, గుర్తున్నది రాయకు.

ప్రింట్‌ఎఫ్ (తెర మీద అచ్చు వేసే సీ ఫంక్షన్) జోలికి ఇప్పుడు పోకు. డబుల్‌ని దానికి పంపేటప్పుడు లినక్స్‌లో ఎన్ని వెక్టర్ (ఎక్స్‌ఎంఎం) రిజిస్టర్లు వాడామో ఏఎల్ అనే చిన్న రిజిస్టర్‌లో చెప్పాలి, విండోస్‌లో అదే విలువ మామూలు రిజిస్టర్‌లో కూడా పెట్టాలి. అది వేరే వ్యాసం. నెలలోపు నువ్వు రాయకపోతే నేను రాసేస్తాను.

ఉంటాను,
అన్నయ్య