కొండ మీద వణుకు ఆగిపోతే

ప్రశ్న: నా వయసు 51. మాది సోంపేట దగ్గర పల్లె. డిసెంబరులో నేనూ నా మిత్రుడూ మందస వైపు నుంచి మహేంద్రగిరికి నడిచి వెళ్ళాం. పొద్దున మంచి ఎండ. పైకి చేరేసరికి మంచు కమ్మింది, ఈదురుగాలి, సన్నటి జల్లు. ఇద్దరం తడిశాం. దిగేటప్పుడు మిత్రుడు గజగజ వణికాడు. కాసేపటికి వణుకు ఆగింది కానీ, అడిగినదానికి పొంతన లేని జవాబులు చెప్పాడు. చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాడు. దారిలో ఎవరో బ్రాందీ పట్టమన్నారు, నేను పట్టలేదు. కింద ఒక ఇంట్లో పొడి బట్టలు, దుప్పట్లు, వేడి టీ ఇచ్చారు. రెండు మూడు గంటలకు తేరుకున్నాడు. ఆయనకు బీపీ ఉంది. నాకు మోకాళ్ళ నొప్పులు, ఆ రోజు రెండు నొప్పి మాత్రలు వేసుకున్నాను. జనవరిలో మళ్ళీ వెళ్ళవచ్చా?

జవాబు: మీ మిత్రుడు ఆ రోజు పెద్ద గండమే దాటారు. మీ ఉత్తరంలో ‘వణుకు ఆగింది’ అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. చాలామంది దాన్ని మంచి సూచన అనుకుంటారు. వణకడమంటే కండరాలు తమంతట తాము కదిలి వేడి పుట్టించుకోవడం. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగిందంటే ఆ శక్తి కూడా అయిపోయిందని అర్థం. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటాం. 32 దగ్గరికి దిగేసరికి వణుకు ఆగిపోతుంది, మెదడు మందగిస్తుంది. ఇళ్ళలో ఉండే పాత పాదరసం థర్మామీటరు గీతలు 35 దగ్గరే మొదలవుతాయి కనుక అది ఈ స్థితిని చూపించలేదు. మాట, నడక, వేళ్ళ పట్టు చూసే తెలుసుకోవాలి. మీరు గుండీ సంగతి గమనించారే, అదీ అసలైన పరీక్ష.

మన వైపు అంత చలి ఎక్కడిదని చాలామంది కొట్టిపారేస్తారు. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద 25 ఉంటే పైన 16. పొడి బట్టల్లో, కడుపు నిండి ఉన్న మనిషిని 16 డిగ్రీల చలి ఏమీ చేయదు. తడి, గాలి, అలసట కలిస్తే చేస్తుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నూలు చొక్కా ఎక్కేటప్పుడు చెమటకు, ఆ తర్వాత జల్లుకు తడిసి ఒంటికి అతుక్కుపోతుంది, తొందరగా ఆరదు.

బ్రాందీ పట్టకపోవడం చాలా మంచి పని. మద్యం తాగితే చర్మంలోని రక్తనాళాలు విప్పారి, వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ వెచ్చదనం లోపలి నుంచి బయటికి పోతున్న వేడే. చేతులు కాళ్ళు గట్టిగా రుద్దడం, మంట పక్కనే కూర్చోబెట్టడం కూడా వద్దు. తడి బట్టలు తీసేయండి, పొడివి తొడగండి, తలకు చెవులు మూసేలా కట్టండి. నేల చలి తగలకుండా కింద ఏదైనా పరిచి కూర్చోబెట్టండి. మింగగలిగే తెలివిలో ఉంటేనే తీపి టీ ఇవ్వండి. షుగరుకు మందులు వాడేవారికి గ్లూకోజు పడిపోయినా ఇలాగే వణుకు, తడబాటు వస్తాయి, తీపి వాళ్ళకూ మేలు చేస్తుంది. మాట ముద్దగా వచ్చినా, మత్తుగా ఉన్నా 108కి ఫోను చేయండి, తేరుకుంటాడులే అని చూడవద్దు.

చలి పట్టిన మనిషికి తన స్థితి తనకు తెలియదు. ‘నాకేం కాలేదు, పద’ అంటాడు. ఆయన మాట నమ్మకండి. అరగంటకోసారి ఒకరి వేళ్ళు ఒకరు చూసుకోండి, బొటనవేలితో చిటికెనవేలిని తాకమనండి. తాకలేకపోతే ఆ రోజుకు శిఖరం మాట మరిచిపోయి అక్కడి నుంచే దిగిపోవాలి.

బీపీకి వాడే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు చలికి గుండె స్పందించే తీరును తగ్గిస్తాయి, మూత్రం ఎక్కువ చేసే మాత్రలు ఒంట్లో నీరు తగ్గిస్తాయి. అలాగని సొంతంగా మానకూడదు. ఆయన ఏం వాడుతున్నారో డాక్టరుకు చూపించి, ఈసీజీ తీయించుకున్నాకే బయల్దేరాలి.

ఇక మీ నొప్పి మాత్రలు. నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఉద్దానం ఊళ్ళను కిడ్నీ జబ్బు ఎంత ఏడిపించిందో మీకు నేను చెప్పాలా? దాని మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అందుకే తెలిసిన ప్రమాదాలనైనా దూరం పెట్టాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కిడ్నీకి చేరే రక్తాన్ని తగ్గిస్తాయి. చలిలో దాహం వేయదు, మూత్రం మాత్రం ఎక్కువ పోతుంది. అలా నీరు తగ్గిన ఒంట్లో రోజంతా నడుస్తూ ఈ మాత్రలు వేసుకోవడం కిడ్నీల మీద రెండు వైపుల నుంచీ దెబ్బ. వెంటనే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. ఫలితం బాగుంటే, కొండ మీద మోకాలికి పారాసిటమాల్, ఒక చేతికర్ర చాలు. నీళ్ళు దాహం వేయకపోయినా గంటకోసారి తాగండి.

పరీక్షలన్నీ బాగుంటే జనవరిలో వెళ్ళిరండి. ముందురోజు వాతావరణ సూచన చూడండి, బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే వాయిదా వేయండి. పాలిథిన్ కవరులో చుట్టిన ఒక జత పొడి బట్టలు, ఉన్ని టోపీ, రెయిన్ కోటు, ఫ్లాస్కులో తీపి టీ, బెల్లంతో జీడిపప్పు ఉండాలి. పలాస పక్కనే ఉన్న మీకు జీడిపప్పు కొరత లేదు కదా! మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడ ఉన్నా వెనక్కి తిరగండి, ఐదున్నరకల్లా చీకటి పడుతుంది.

తిరిగొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే కొండకు వెళ్ళొచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి. మలేరియాతోపాటు, పొదల్లోని చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కోసం కూడా చూడాలి. కుట్టినచోట సిగరెట్టు కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, నొప్పి ఉండదు. చంకల్లో, గజ్జల్లో, నడుము వెనక దాక్కుంటుంది కనుక ఇంట్లోవాళ్ళను చూడమనండి.